అతుకు ఊడిన పడవ: రిపేరు చేసినవారిపై కేసు వేయొచ్చా?

ప్రశ్న: నా దగ్గర పాత ఫైబర్‌గ్లాస్ సెయిలింగ్ డింగీ (తెరచాపతో నడిచే చిన్న పడవ) ఉంది. ఒక వ్యక్తి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కింది భాగమైన హల్‌కూ పైనున్న డెక్‌కూ మధ్య అతుకు వదులై నీళ్లు వస్తుంటే పడవలు బాగుచేసే ఒక వర్క్‌షాపులో ఇచ్చాను. అతుకంతా విప్పి ఎపాక్సీతో, అంటే గట్టి జిగురుతో, మళ్లీ అతికిస్తానని యజమాని వాట్సాప్‌లో రాశారు. ముప్పావు వంతు డబ్బు ఇచ్చి పడవ తెచ్చుకున్నాను. రెండు నెలలు తిరక్కుండానే పడవను తేల్చే గాలి ట్యాంకులోకి నీళ్లు చేరుతున్నాయి. అంచున ఉన్న రబ్బరు పట్టీ కాస్త ఎత్తి చూస్తే లోపల పైపైన సిలికాన్ పూసి ఉంది. అడిగితే ‘గ్యారంటీ లేదని బిల్లు మీదే ఉంది’ అంటున్నారు. మాస్టు (తెరచాప కట్టే స్తంభం), తెరచాప ఆయన దగ్గరే ఉన్నాయి. బాకీ ఇస్తేగానీ ఇవ్వనంటున్నారు. కేసు వేయొచ్చా? అమ్మిన వ్యక్తిపై కూడా వేయొచ్చా? సెలవుల్లో కొందరు పిల్లలకు ఫీజు తీసుకుని సెయిలింగ్ నేర్పుతుంటాను కాబట్టి, ఈలోగా అతుకు నేనే విప్పి బాగుచేసుకుందామనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు

జవాబు: కేసు వేయొచ్చు. కానీ ముందుగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఆ అతుకు మీద ఇప్పుడే చెయ్యి వేయకండి. మీ కేసుకు ఉన్న అసలు సాక్ష్యం ఆ అతుకే. దాన్ని గీకి, సాండింగ్ చేసి, కొత్త ఎపాక్సీ పెట్టిన మరుక్షణం వర్క్‌షాపు వారు ఏం చేశారో, ఏం చేయలేదో చూపించే దారి మూసుకుపోతుంది. సేవాలోపం ఉందని రుజువు చేయాల్సిన భారం ఫిర్యాదు చేసినవారిదేనని సుప్రీంకోర్టు 2021లో కూడా స్పష్టం చేసింది. ‘నేను విప్పినప్పుడు లోపల సిలికాన్ కనిపించింది’ అని మీరు అంటే, ‘అది మీరే పూసుకున్నారు’ అని అవతలివారు అంటారు. అక్కడితో కేసు నీరుగారిపోతుంది.

మీకు పడవల సంగతి తెలుసు, కేసు విచారించే వినియోగదారుల కమిషన్ సభ్యులకు తెలియకపోవచ్చు. వారికి అర్థమయ్యేలా చెప్పడానికి కొంచెం శ్రద్ధ పెట్టాలి. ఇలాంటి డింగీల్లో హల్‌ను ఒక అచ్చులో, డెక్‌ను ఇంకో అచ్చులో తయారుచేసి, రెండింటి అంచులనూ ఒకదానిపై ఒకటి కూర్చి అతికిస్తారు. చాలావాటికి రివెట్లు కూడా కొడతారు. పైన రబ్బరు పట్టీయో అల్యూమినియం పట్టీయో తొడుగుతారు. మాస్టును నిలబెట్టే తీగలు గాలికి డెక్‌ను పైకి లాగుతూనే ఉంటాయి. ఒడ్డున తగిలే దెబ్బలన్నీ ఆ అంచుమీదే పడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి జిగురు పెళుసుబారుతుంది, రివెట్లు తుప్పుపట్టి వదులవుతాయి. సరైన రిపేరు అంటే పట్టీ తీసి, పాత రివెట్లు డ్రిల్లుతో తొలగించి, అతుకు తెరిచి, పాత జిగురంతా గీకి, గరుకు చేసి, అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక చిక్కబరిచిన ఎపాక్సీ నింపి, అంచు పొడవునా దగ్గరదగ్గరగా క్లాంపులు బిగించి గట్టిపడేదాకా ఉంచడం. సిలికాన్ ఈ బరువు మోయలేదు. పైగా సిలికాన్ తగిలిన చోట దాని జిడ్డు మిగిలిపోతే ఆ తర్వాత ఎపాక్సీ గానీ పెయింటు గానీ పట్టదు. అంటే వర్క్‌షాపు వారు పని చేయకపోవడమే కాదు, తర్వాత చేసేవారికి పని పెంచారు కూడా. ఆ అదనపు ఖర్చు మీ నష్టంలో భాగం. ఫిర్యాదులో ఈ మాట విడిగా రాయించండి.

ఇప్పుడు సాక్ష్యం ఎలా సేకరించాలో చూద్దాం. పట్టీ ఉన్నది ఉన్నట్టుగా పడవ చుట్టూ వీడియో తీయండి. వీలైతే పడవలు బాగుచేసే మరొకరినో, మెరైన్ సర్వేయర్‌నో (పడవలను పరీక్షించే నిపుణుడు) పిలిపించి వారి సమక్షంలోనే పట్టీ తీయించండి. ట్యాంకు ఎక్కడ కారుతోందో చూపడానికి సబ్బునీళ్ల పరీక్ష చాలు. ట్యాంకులోకి మెల్లగా, నోటితో ఊదినంత గాలి పంపి, అతుకు వెంబడి సబ్బునీళ్లు రాస్తే ఊడిన చోట బుడగలు లేస్తాయి. కంప్రెసర్ మాత్రం పెట్టకండి. ఆ ఒత్తిడికే అతుకు విచ్చుకుందని వాదించే అవకాశం అవతలివారికి ఇచ్చినట్టవుతుంది. సిలికాన్ పేలికలు, బయటికొచ్చిన రివెట్లు కవర్లో వేసి, తేదీ రాసి, వచ్చినవారి సంతకం తీసుకోండి. పరీక్షించిన వ్యక్తి తాను చూసింది రాసి అఫిడవిట్ ఇస్తే మరీ మంచిది. వినియోగదారుల కమిషన్‌లో విచారణ ఎక్కువగా అఫిడవిట్లు, పత్రాల మీదే నడుస్తుంది.

వాట్సాప్ సందేశాలు తొలగించవద్దు, ఆ ఫోను మార్చవద్దు. ‘అతుకంతా విప్పి ఎపాక్సీతో’ అన్న ఆ ఒక్క వాక్యమే మీ ఒప్పందం. స్క్రీన్‌షాట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌ను మీ న్యాయవాది తయారుచేస్తారు.

బిల్లు మీద ‘గ్యారంటీ లేదు’ అని ఉందని బెంగపడకండి. గ్యారంటీ అనేది చేసిన పని ఎంతకాలం నిలుస్తుందన్న దాని గురించి. మీ ఫిర్యాదు అది కాదు. ఒప్పుకున్న పని అసలు చేయనే లేదన్నది మీ మాట. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 2(11) సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో చేస్తానన్న పని నాణ్యతలో గానీ, చేసిన తీరులో గానీ లోటు ఉంటే అది సేవాలోపమే. పైగా పని అయిపోయాక చేతికొచ్చిన బిల్లు మీది అచ్చు వాక్యం, పని అప్పగించిన రోజున మీరు ఒప్పుకున్న షరతు ఎలా అవుతుంది? ఆ ప్రశ్న కమిషన్ ముందు తప్పకుండా లేవనెత్తాలి.

మాస్టు, తెరచాప విషయానికొస్తే, వర్క్‌షాపు వారికి చట్టం ఒక హక్కు ఇచ్చిన మాట నిజం. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 170వ సెక్షన్ కింద, అప్పగించిన వస్తువు మీద శ్రమ గానీ నైపుణ్యం గానీ పెట్టిన వ్యక్తి తనకు రావాల్సిన కూలి ముట్టేదాకా దాన్ని తన దగ్గర ఉంచుకోవచ్చు. వజ్రాన్ని సానబట్టడానికి ఇస్తే పని పూర్తిచేసిన నగల వర్తకుడికి ఆ హక్కు ఉంటుందని చట్టమే ఉదాహరణ చెబుతుంది. అయితే ఆ హక్కుకు హద్దులున్నాయి. పని అప్పగించిన ఉద్దేశం ప్రకారం జరిగి ఉండాలి. ఏ వస్తువు మీద పని చేశారో దానికే ఆ హక్కు వర్తిస్తుంది. మాస్టు మీద, తెరచాప మీద ఆయన చేసిన పనేమీ లేదు. పని చేసిన పడవను మీ చేతికిచ్చి పంపేశారు. అంతా కలిపి ఒకటే వస్తువు అని ఆయన వాదించవచ్చు గానీ, అది బలమైన వాదన కాదని నా అభిప్రాయం. ఏ బాకీకైనా ఏ వస్తువునైనా పట్టి ఉంచుకునే సాధారణ హక్కు 171వ సెక్షన్ కింద బ్యాంకర్ల వంటి కొందరికే ఉంది, ఆ జాబితాలో రిపేరు వర్క్‌షాపులు లేవు. అవి మీకు అత్యవసరమైతే ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాతపూర్వకంగా తెలిపి బాకీ కట్టి తెచ్చుకోండి. దానివల్ల మీ హక్కు పోదు. లేదంటే ఫిర్యాదుతో పాటే మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు. పోలీస్ స్టేషన్‌కు వెళ్లమని మాత్రం చెప్పను. ఇది సివిల్ తగాదా, అక్కడ కాలయాపన తప్ప ఫలితం కనిపించదు.

మొదటి అడుగు లీగల్ నోటీసు. అందులో ఒప్పుకున్న పని, కనబడిన లోపం, పరీక్ష వివరాలు రాసి, 15 రోజుల్లో పడవను వచ్చి చూసుకోవచ్చని, సరిచేయకపోతే మరొకరితో చేయించి ఖర్చు రాబడతానని తెలపండి. ‘వచ్చి చూసుకోండి’ అన్న ఆ వాక్యాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. గడువు దాటాక మీరు అతుకు విప్పినా, మాకు చూసే అవకాశమే ఇవ్వలేదని అవతలివారు అనలేరు. స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. వాట్సాప్‌లో కూడా పంపండి.

గడువు దాటాక పడవను అలాగే వానకు వదిలేయడం కూడా తప్పే. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద నష్టపరిహారం అడిగేవారు నష్టాన్ని తగ్గించుకోవడానికి ఉన్న దారులు వాడుకున్నారా అని కూడా చూస్తారు. అప్పుడు నిశ్చింతగా బాగుచేసుకోండి. మీరే చేసుకుంటే సామాను బిల్లులు వస్తాయి గానీ మీ శ్రమకు విలువ కట్టించడం కష్టం. అందుకే మొదలుపెట్టేముందు మరో వర్క్‌షాపు నుంచి రాతపూర్వకంగా కొటేషన్ తీసుకోండి. పని జరుగుతున్నప్పుడు ప్రతి దశకూ ఫొటో ఉండాలి.

ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు, వర్క్‌షాపు ఉన్న ఊరికి తిరగనక్కర్లేదు. సేవకు ఇచ్చిన ప్రతిఫలం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. ఇచ్చిన డబ్బు వాపసు, సిలికాన్ తొలగించి మళ్లీ అతికించే ఖర్చు, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు అడగండి. పిల్లల క్లాసుల ఫీజు పోయిందని మాత్రం అడగకండి. వాణిజ్య అవసరానికి సేవ పొందినవారు వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారులు కారు. స్వయం ఉపాధితో బతుకుదెరువుకు వాడుకునేవారికి మినహాయింపు ఉంది గానీ, మీకు అదే బతుకుదెరువు అని మీ ఉత్తరంలో లేదు. పడవ ప్రధానంగా మీ సొంత సరదాకేనని చెబుతూ మరోపక్క ఫీజు నష్టం అడిగితే అవతలివారి వాదనను మీరే అందించినట్టు. ఒకవేళ వినియోగదారు కాదని తేల్చినా మీ హక్కు పోదు, సివిల్ కోర్టులో దావా వేసుకోవచ్చు. దానికి గడువు మూడేళ్లు.

అమ్మిన వ్యక్తి జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఆయన వ్యాపారి కాదు. పాత వస్తువును వ్యక్తి దగ్గర కొన్నప్పుడు మంచిచెడ్డలు చూసుకోవాల్సింది కొన్నవారే. అతుకు ఊడిందని తెలిసి, కనబడకుండా పుట్టీ పెట్టి రంగేసి అమ్మారని రుజువులుంటే అది మోసం కిందికి వస్తుంది, అప్పుడు సంగతి వేరు. మీ ఉత్తరంలో అలాంటి ఆధారం కనిపించలేదు.

పిల్లల గురించి ఒక మాట తప్పక చెప్పాలి. పడవ బోల్తా పడినా మునగకుండా నిలబెట్టేది ఆ గాలి ట్యాంకే. అందులో నీళ్లు చేరుతున్నాయని మీకు తెలుసు, ఆ సంగతి ఇప్పుడు ఉత్తరంలో రాసి మరీ చెప్పారు. ప్రాణాపాయం కలిగించే స్థితిలో ఉన్న పడవలో, తెలిసి గానీ నిర్లక్ష్యంతో గానీ డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కిస్తే భారతీయ న్యాయ సంహిత 284వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. రేపు పంపబోయే నోటీసే అప్పుడు మీకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది. దయచేసి అతుకు బాగై, సబ్బునీళ్ల పరీక్షలో ఒక్క బుడగ కూడా రాదని తేలేదాకా ఒక్క పిల్లవాణ్ని కూడా అందులో ఎక్కించకండి. ఈ సెలవుల్లో క్లాసులు పోయినా పరవాలేదు.

పడవ ఏ తేదీన మీ చేతికొచ్చిందో మీరు రాయలేదు. కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. లోపం బయటపడిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ, ఆ వాదన దాకా తెచ్చుకోకుండా పడవ అందుకున్న తేదీ నుంచే లెక్కవేసుకోండి. గడువు దగ్గరపడి ఉంటే నోటీసుకు జవాబు కోసం చూడకుండా ఫిర్యాదు దాఖలు చేసేయండి. ఇప్పటికే దాటి ఉంటే, ఆలస్యానికి తగిన కారణం చూపుతూ వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ కింద విడిగా దరఖాస్తు జతచేయాలి.