ఫ్లై మీద కొర్రమట్ట కొడుతోంది, గాలానికి పడట్లేదు: సమాధానం

రాడ్ తొందరగా లేపుతున్నారన్నా, అదే కారణం. తామరాకుల పక్కన నాలుగుసార్లు నీళ్లు పగిలినా ఉత్త ఫ్లైయే (ముల్లుకు ఈకలు, దారాలు చుట్టి చేసిన ఎర) వచ్చిందన్నారు కదా. చప్పుడు వినగానే రాడ్ ఎత్తితే ఫ్లై దాని నోట్లోంచి ఎగిరొస్తుంది. ధర్మసాగర్ చెరువు కట్ట మీద నాకూ రెండు వానాకాలాలు ఇట్లనే పోయినయి.

1. రాడ్ కొనను నీటికి ఆనేంత కిందికి, ఫ్లై వైపే ఉంచండి. లైన్ వదులుగా ఉండొద్దు.

2. అందరూ మరిచేది ఇది. నీళ్లు పగిలాక ఆగండి. లైన్ బరువెక్కినట్టు వేళ్లకు తెలియాలి. అప్పుడు రాడ్ కదపకుండా, లైన్ పట్టుకున్న చేత్తో తుంటి దాకా గట్టిగా గుంజండి. కొర్రమట్ట నోరంతా ఎముక. రాడ్ ఎత్తితే ఆ వంపులోనే బలం పోతుంది, గాలం ముల్లు దిగదు. ఇట్ల గుంజితే ఇంకో లాభం: తప్పినా ఫ్లై నీళ్లలోనే ఉంటుంది, చాలాసార్లు చేప మళ్లీ వచ్చి కొడుతుంది.

3. ముల్లును బొటనవేలి గోరుకు ఆనించండి. జారితే ఆకురాయి పట్టాలి.

4. ముల్లుకు నాచు తగలకుండా కట్టిన తీగ వేలితో నొక్కితే మెల్లగా వంగాలి. వంగకపోతే సన్నది కట్టండి.

8 వెయిట్ రాడ్ (వెయిట్ అంటే ఫ్లై రాడ్ బలం చెప్పే నంబరు), 20 పౌండ్ల లీడర్ (లైన్ కొసకు, ఫ్లైకి మధ్య కట్టే దారం) చాలు. పడగానే తామర తూళ్లలోకి దూరనీయకుండా లాగేయండి.

ఎర్రటి కొర్రమట్ట పిల్లల గుంపు నీటి మీద బుడబుడమంటే మాత్రం అక్కడ వేయకండి. కింద కాపలా ఉన్న పెద్ద చేపను తీస్తే ఆ పిల్లలు వేరే చేపల పాలవుతాయి.