ఐస్ హాకీలో వరసగా ఓడిపోతున్న టీమ్ ట్రేడ్ డెడ్‌లైన్ ముందు ఎవర్ని అమ్మాలి, ఎవర్ని ఉంచుకోవాలి?

మీ ప్రశ్న చదివానండి. ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్) కొత్తగా చూస్తున్నారు, మీరు ఫాలో అయ్యే టీమ్ అడుగున పడింది, ట్రేడ్ డెడ్‌లైన్ (టీమ్స్ ప్లేయర్లని మార్చుకోవడానికి ఆ సీజన్‌లో ఆఖరి రోజు) దగ్గరకొచ్చింది, ఫ్యాన్స్ సగం మంది అందర్నీ అమ్మేయండి అంటున్నారు, మిగతా సగం మంది మా హీరోల జోలికి రావద్దంటున్నారు, ఇందులో ఎవరి మాట కరెక్టు అని అడిగారు. నేను బే ఏరియాలో ఉంటాను, ఇక్కడికొచ్చాకే ఈ ఆట అలవాటైంది, శాన్ హోసే షార్క్స్ ఫ్యాన్‌ని. గత కొన్నేళ్ళుగా మా టీమ్ ప్రతి మార్చిలో ఇదే పని చేస్తూ వచ్చింది కాబట్టి నేను దగ్గర్నుంచి చూసింది చెప్తాను.

సూటిగా చెప్పాలంటే ఎవరు బాగా ఆడుతున్నారు, ఎవరు ఆడట్లేదు అనేది అసలు ప్రశ్నే కాదు. ఈ టీమ్ మళ్ళీ ప్లేఆఫ్స్‌లో గట్టిగా ఆడే రోజు వచ్చేసరికి ఈ ప్లేయర్ వయసెంత ఉంటుంది, కాంట్రాక్టు ఎన్నేళ్ళు మిగిలుంటుంది, ఈ రెండే చూడాలి. ఆ రోజు మూడు నాలుగేళ్ళ దూరంలో ఉందనుకుంటే ఇప్పుడు 29, 30 ఏళ్ళున్నవాడు ఎంత మంచివాడైనా, ఎంత ఇష్టమైనవాడైనా అమ్మాల్సిందే, అదీ బాగా ఆడుతున్నప్పుడే అమ్మాలి. 23 ఏళ్ళలోపు వాళ్ళు ఈ సీజన్ ఘోరంగా ఆడినా సరే ముట్టుకోకూడదు. తలనొప్పంతా మధ్యలో 24 నుంచి 28 దాకా ఉన్నవాళ్ళతోనే, వాళ్ళ సంగతి కింద చెప్తా.

ముందు రూల్స్ కొంచెం. ఇక్కడ అమ్మడం అంటే డబ్బుకి కాదు, ప్లేయర్‌ని వేరే టీమ్‌కి ఇచ్చి బదులుగా వాళ్ళ కుర్రాళ్ళనో, డ్రాఫ్ట్ పిక్స్‌నో (ఏటా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే వంతులు, ఫస్ట్ రౌండ్‌వి అన్నిటికన్నా విలువైనవి) తెచ్చుకోవడం. ఎన్‌హెచ్‌ఎల్‌లో శాలరీ క్యాప్ ఉంది, అది మన ఐపీఎల్ పర్స్ లాంటిదే, 2024-25లో ఒక్కో టీమ్‌కి 88 మిలియన్ డాలర్లు, ఆ తర్వాతి సీజన్‌కి 95.5 అయింది. డెడ్‌లైన్ మామూలుగా మార్చి మొదట్లో, మాకు ఇక్కడ మధ్యాహ్నం 12 గంటలకి. కప్పు కోసం ఆడే టీమ్స్‌కి ప్లేయర్ కావాలి కానీ క్యాప్‌లో చోటు ఉండదు. అందుకని అమ్మే టీమ్ ఆ ప్లేయర్ జీతంలో సగం దాకా తానే కట్టుకుంటానని ఒప్పుకోవచ్చు, దాన్నే రిటెయిన్ చేయడం అంటారు. కాకపోతే ఒక టీమ్ ఒకేసారి మూడు కాంట్రాక్టుల మీదే ఇలా చేయగలదు. చాలామంది ఫ్యాన్స్ వదిలేసే పాయింట్ ఇది, కానీ ఓడిపోతున్న టీమ్ చేతిలో అసలైన కరెన్సీ ఇదే.

ఇప్పుడు మావాళ్ళ కథ. షార్క్స్ 2016లో స్టాన్లీ కప్ ఫైనల్ ఆడారు, 2019లో కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్ళి సెయింట్ లూయిస్ చేతిలో ఓడారు. ఆ తర్వాత ఒక్కసారిగా కూలిపోయింది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు, ముప్ఫై దాటుతున్న, దాటిన వాళ్ళందరికీ ఎనిమిదేసి ఏళ్ళ కాంట్రాక్టులు ఇచ్చేశారు. డిఫెన్స్‌మన్ ఎరిక్ కార్ల్‌సన్‌కి ఏడాదికి 11.5 మిలియన్లు, బ్రెంట్ బర్న్స్‌కి 8, కుటూర్‌కి 8, వ్లాసిక్‌కి 7. దానికి తోడు కార్ల్‌సన్‌ని తెచ్చుకోవడానికి ఒటావాకి ఇచ్చిన ఫస్ట్ రౌండ్ పిక్, మేము కుప్పకూలిన 2020లోనే వెళ్ళి మూడో నంబర్ పిక్ అయింది, వాళ్ళు దాంతో టిమ్ ష్టూట్స్‌లని తీసుకున్నారు. ఆ పేరు వింటే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది.

2022 జులైలో మైక్ గ్రియర్ జీఎం (జనరల్ మేనేజర్)గా వచ్చాడు. అప్పటికి టీమ్‌లో మార్కెట్ ఉన్న ముఖ్యమైన పేర్లు మూడు, టీమో మైయర్, కార్ల్‌సన్, టోమాస్ హెర్టల్. ఈ ముగ్గుర్ని అమ్మిన తీరు చూస్తే మీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది.

మైయర్‌కి అప్పుడు 26 ఏళ్ళు, నేను పైన చెప్పిన తలనొప్పి వయసన్నమాట. 2022-23లో మాకు 57 మ్యాచ్‌ల్లో 31 గోల్స్ కొట్టాడు. కానీ కాంట్రాక్టు అయిపోతోంది, అతని మీద హక్కులు పోకుండా ఉంచుకోవాలంటే క్వాలిఫైయింగ్ ఆఫరే 10 మిలియన్లు ఇవ్వాలి, ఆ సంగతి లీగ్ మొత్తానికీ తెలుసు. 2023 ఫిబ్రవరి 26న న్యూజెర్సీకి పంపేశారు, అదీ సగం జీతం మనమే కడుతూ. వచ్చింది ఫాబియన్ జెటర్లండ్, డిఫెన్స్‌మన్ ముఖమదుల్లిన్, ఒక ఫస్ట్ రౌండ్ పిక్ (దాంతో క్వెంటిన్ మస్టీ వచ్చాడు), ఇంకా కొన్ని చిల్లర మల్లర ముక్కలు. నన్నడిగితే అంత మంచి వింగర్‌కి అది తక్కువ రేటే. కానీ ఉంచుకుని ఎనిమిదేళ్ళ కాంట్రాక్టు ఇచ్చుంటే మళ్ళీ పాత గోతిలోనే పడేవాళ్ళం. 24 నుంచి 28 మధ్య వాళ్ళ విషయంలో నేను చూసేది ఇదే, కాంట్రాక్టు ఇంకా మూడు నాలుగేళ్ళు తక్కువ జీతానికి ఉంటే ఉంచుకోండి, అయిపోతోంది, పెద్ద మొత్తం అడుగుతాడు అనిపిస్తే ఆఖరి నిమిషం దాకా లాగకుండా అంతకుముందు వేసవిలోనే అమ్మేయండి, అప్పుడైతే కొనేవాడికి ఒక ఫుల్ సీజన్ ఎక్కువ దక్కుతుంది, మనకీ రేటు పలుకుతుంది.

కార్ల్‌సన్ సంగతి వేరు. అదే సీజన్‌లో 101 పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు కలిపి), ఒక డిఫెన్స్‌మన్ 101 పాయింట్లు అంటే మాటలు కాదు, బెస్ట్ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ కూడా మూడోసారి వచ్చింది. అయినా డెడ్‌లైన్‌కి అమ్మలేకపోయారు, ఎందుకంటే 11.5 మిలియన్ల కాంట్రాక్టు ఇంకో నాలుగేళ్ళుంటే సీజన్ మధ్యలో దాన్ని క్యాప్‌లో ఇరికించగలిగే టీమ్ ఏది? వేసవిలో టీమ్స్ క్యాప్ కన్నా 10 శాతం పైకి వెళ్ళొచ్చు, బేరాలకి టైమ్ ఉంటుంది. 2023 ఆగస్టులో మూడు టీమ్‌ల డీల్‌లో పిట్స్‌బర్గ్‌కి వెళ్ళాడు, మేము పట్టుకున్నది ఏడాదికి 1.5 మిలియన్లే. కాబట్టి మీ టీమ్‌లో అలాంటి భారీ కాంట్రాక్టు ఉంటే డెడ్‌లైన్‌కి ఏమీ జరగలేదని జీఎంని తిట్టకండి, అది వేసవి పని.

ఇక హెర్టల్. ఇది రాయడం నాకు ఇప్పటికీ కష్టమేనండి. 2013లో వచ్చిన కొత్తలోనే ఒక మ్యాచ్‌లో న్యూయార్క్ రేంజర్స్ మీద నాలుగు గోల్స్ కొట్టాడు, అందులో ఒకటి కాళ్ళ మధ్యలోంచి స్టిక్ పెట్టి కొట్టాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు, మా ఇంట్లో పిల్లాడికి మొట్టమొదట కొన్న జెర్సీ 48 నంబరే. 2024 మార్చి 8, ఆఫీసులో లంచ్‌కి లేస్తూ ఫోన్ చూసుకుంటున్నాం నేనూ మా కొలీగూ, 12 కొట్టబోతోంది, పెద్దగా ఏమీ లేదు, హెర్టల్‌కి మోకాలి సర్జరీ అయి నెల కూడా కాలేదు, ఇంకెవరు కొంటారులే అనుకుంటున్నాం, అంతలో వేగస్‌కి వెళ్ళిపోయాడని వచ్చింది. వేగస్! మాకు బద్ధ శత్రువుల్లాంటి టీమ్. ఆ సాయంత్రం ఇంట్లో ఆ వార్త చెప్పడం నా వల్ల కాలేదు, మా ఆవిడే చెప్పింది.

కానీ లెక్క చూడండి. అతనికప్పుడు 30 ఏళ్ళు, 8.1 మిలియన్ల పైచిలుకు కాంట్రాక్టు ఆ సీజన్ తర్వాత ఇంకో ఆరేళ్ళుంది, మోకాళ్ళు గట్టివి కావు. మేము 17 శాతం జీతం మాత్రమే ఉంచుకుని పంపాం, రెండు మూడో రౌండ్ పిక్స్ కూడా కలిపి ఇచ్చాం, బదులుగా డేవిడ్ ఎడ్‌స్ట్రమ్ అనే కుర్రాడు, ఒక ఫస్ట్ రౌండ్ పిక్ వచ్చాయి. అప్పుడు చాలామంది ఇంతేనా అన్నారు. అదే ఏడాది ఆగస్టులో నాష్‌విల్‌లో యారోస్లావ్ ఆస్కరోవ్ అనే కుర్ర గోలీ (గోల్ కీపర్), అక్కడ సారోస్ అనే ఇంకో గోలీకి ఎనిమిదేళ్ళ కాంట్రాక్టు ఇచ్చేశారు కాబట్టి నాకిక్కడ చోటు లేదు, నన్ను వదిలేయండి అన్నాడు. గ్రియర్ వెళ్ళి ఎడ్‌స్ట్రమ్‌నీ ఆ ఫస్ట్ రౌండ్ పిక్‌నీ పెట్టి అతన్ని తెచ్చేశాడు. అంటే ముప్ఫై ఏళ్ళ సెంటర్‌ని ఇచ్చి 22 ఏళ్ళ గోలీని తెచ్చుకున్నట్టు. హెర్టల్ వెళ్ళిన ఆ 2023-24 సీజన్‌లో 47 పాయింట్లతో లీగ్‌లో ఆఖరున నిలిచాం, డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ ఎవరిదో తేల్చే లాటరీ కలిసొచ్చి మాక్లిన్ సెలెబ్రీనీ వచ్చాడు, మొదటి సీజన్‌లోనే 70 మ్యాచ్‌ల్లో 63 పాయింట్లు. సెలెబ్రీనీకి 23 ఏళ్ళొచ్చేసరికి హెర్టల్‌కి 35. ఈ ఒక్క లైన్ చాలు, ఎందుకు అమ్మాలో చెప్పడానికి.

లాటరీ కలిసొచ్చింది అన్నాను కదా, దాన్ని నమ్ముకోవద్దు. ఆఖరున ఉన్న టీమ్‌కి మొదటి పిక్ వచ్చే అవకాశం 25.5 శాతమే, అంటే నాలుగుసార్లలో మూడుసార్లు రాదు.

స్టార్స్ గురించే అందరూ మాట్లాడతారు గానీ అసలు లాభం చిన్న ప్లేయర్లలో ఉంటుంది. జేక్ వాల్మన్‌ని చూడండి. 2024 జూన్‌లో డెట్రాయిట్ తన క్యాప్ ఖాళీ చేసుకోవడానికి అతన్ని మాకిచ్చి, పైన ఒక సెకండ్ రౌండ్ పిక్ కూడా ఎదురిచ్చింది. మావాళ్ళు బాగా ఆడించారు, 2025 మార్చిలో ఎడ్మంటన్ అతని కోసం ఫస్ట్ రౌండ్ పిక్ ఇచ్చింది. జీతం 3.4 మిలియన్లే, ఇంకో ఏడాది కాంట్రాక్టు ఉంది, కొనేవాళ్ళకి కావాల్సింది సరిగ్గా అదే. గోలీ బ్లాక్‌వుడ్‌ని ఆరో రౌండ్ పిక్‌కి తెచ్చి, కొలరాడోకి గోలీ అవసరం బాగా ముదిరినప్పుడు, డెడ్‌లైన్ దాకా ఆగకుండా డిసెంబర్‌లోనే ఇచ్చి సెకండ్ రౌండ్ పిక్ రాబట్టారు. కార్ల్‌సన్ డీల్‌లో వచ్చిన గ్రాన్‌లండ్‌ని, సీసీని కలిపి ఫిబ్రవరి 1నే డాలస్‌కి ఇచ్చి ఇంకో ఫస్ట్ రౌండ్ తెచ్చారు. ముందే అమ్మితే కొనేవాడికి ఎక్కువ మ్యాచ్‌లు దక్కుతాయి, గాయాల భయం మనకి తగ్గుతుంది. అంతకుముందు 2020లో బార్క్లే గుడ్రో అనే థర్డ్ లైన్ (మూడో వరస ఫార్వర్డ్‌ల) వాడికి, ఏడాదికి మిలియన్ కూడా లేని జీతానికి, టాంపా ఫస్ట్ రౌండ్ పిక్ ఇచ్చింది, వాళ్ళు వరసగా రెండు కప్పులు గెలిచారు. మాకొచ్చిన పిక్‌తో తీసుకున్న కుర్రాడు మాత్రం మా దగ్గర నిలవలేదు. పిక్ అంటే ఆశే, అది కూడా గుర్తుంచుకోవాలి.

అందుకే అందర్నీ అమ్మేయండి అనేవాళ్ళతో కూడా నేను ఒప్పుకోను. బఫెలోని చూడండి, 2014 ప్రాంతంలో టీమ్‌ని మొత్తం ఊడ్చేశారు, 2011 తర్వాత 2025 దాకా 14 సీజన్లు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. మధ్యలో 2018 వేసవిలో రయన్ ఓ'రైలీ అనే సెంటర్‌ని సెయింట్ లూయిస్‌కి ఇచ్చేశారు, అతనికి 27 ఏళ్ళు, కాంట్రాక్టు ఇంకా ఐదేళ్ళుంది, అటాక్, డిఫెన్స్ రెండూ చేస్తాడు. మరుసటి ఏడాదే సెయింట్ లూయిస్ వాళ్ళు మమ్మల్ని ఓడించి మరీ కప్పు గెలిచారు, ప్లేఆఫ్స్ మొత్తానికి బెస్ట్ ప్లేయర్ అతనే. బదులుగా వచ్చిన టేజ్ థామ్సన్ తర్వాత ఒక సీజన్‌లో 47 గోల్స్ కొట్టాడు, కాదనను, కానీ దానికి ఎన్నేళ్ళు పట్టిందో చూడండి, ఈలోపు కుర్రాళ్ళకి రోజూ ప్రాక్టీస్‌లో దారి చూపే మనిషి పోయాడు. మావాళ్ళు 2024 వేసవిలో టైలర్ టఫోలీకి నాలుగేళ్ళ కాంట్రాక్టు ఇచ్చి తెచ్చి, 2025 డెడ్‌లైన్‌కి అమ్మకుండా ఉంచుకున్నారు, నాకది చాలా నచ్చింది. కుర్రాళ్ళ పక్కన ఆడి గోల్స్ కొట్టే పెద్దవాడు ఒకడన్నా ఉండాలి, లేకపోతే పద్దెనిమిదేళ్ళ పిల్లాడు రోజూ ఐదు గోల్స్ తేడాతో ఓడిపోతూ ఏం నేర్చుకుంటాడు?

వ్లాసిక్ లాంటి కాంట్రాక్టు మీ టీమ్‌లో ఉంటే దాని గురించి ఆలోచించి టైమ్ వేస్ట్ చేసుకోవద్దు, ఎవరూ కొనరు, మావాళ్ళు 2025లో బైఔట్ చేసేదాకా (కొంత డబ్బిచ్చి కాంట్రాక్టు రద్దు చేసుకునేదాకా) మోశారు. దాన్ని వదిలించుకోవడానికి మంచి పిక్స్ ఎదురిచ్చే పని మాత్రం అస్సలు చేయకూడదు, ఓడిపోతున్న టీమ్‌కి క్యాప్ చోటుతో అర్జెంటుగా పనేముంది?

కాబట్టి మీరు చేయాల్సింది, మీ టీమ్ లిస్టు ముందేసుకుని ఈ సీజన్‌తో కాంట్రాక్టు అయిపోయే వాళ్ళని మొదట చూడండి, వాళ్ళలో 27 దాటినవాళ్ళందరూ వెళ్ళాల్సిందే, ఉంచుకుంటే జులై 1న ఫ్రీగా వెళ్ళిపోతారు, మనకి ఉత్తి చేతులు. తర్వాత తక్కువ జీతంతో ఇంకో ఏడాది ఉన్న థర్డ్ లైన్ వాళ్ళు, రెండో జోడీ డిఫెన్స్‌మెన్, వీళ్ళకి మీరనుకున్న దానికన్నా ఎక్కువే వస్తుంది. ఆ తర్వాత రిటెయిన్ స్లాట్లు ఎన్ని ఖాళీ ఉన్నాయో చూడండి. 2025 డెడ్‌లైన్‌కి మాకు బర్న్స్, కార్ల్‌సన్, హెర్టల్ ముగ్గురివీ కలిపి మూడూ నిండిపోయి ఉన్నాయి, ఎవర్ని అమ్మినా ఫుల్ జీతంతోనే అమ్మాల్సొచ్చింది, అందుకే ఆ స్లాట్లని చిన్న చిన్న వాళ్ళ మీద ఏళ్ళ తరబడి ఇరికించకూడదు. ఇక 30 దాటబోతున్న మీ ఫేవరెట్ ప్లేయర్ పేరు దగ్గరికొచ్చినప్పుడు, అతనికి నో మూవ్ క్లాజ్ ఉంటే అతను ఒప్పుకుంటేనే వెళ్తాడు, హెర్టల్ కూడా ఒప్పుకునే వెళ్ళాడు. మీ టీమ్ పేరు, ఎవరెవరి గురించి టెన్షన్ పడుతున్నారో కింద కామెంట్లో రాయండి, కాంట్రాక్టులు చూసి ఒక్కొక్కరి గురించి నాకనిపించింది చెప్తాను.