కట్టు బిగించే ముందు కాలి నాడి చూడాలి

ప్రశ్న: నాన్నగారికి 62 ఏళ్లు. ముప్ఫై ఏళ్లు హోటల్లో వంటమాస్టరుగా నిలబడే పని. షుగర్ ఉంది. ఎడమ చీలమండకి పైన, లోపలివైపు పుండు పడి ఎనిమిది నెలలు. రోజూ బెటాడిన్‌తో కడుగుతున్నాం. మూడుసార్లు యాంటీబయాటిక్స్ వాడాం. ఆరినట్టే ఆరి మళ్లీ రసి కారుతోంది. క్రేప్ బ్యాండేజ్ గట్టిగా చుట్టమని పక్కింటాయన సలహా. చుట్టొచ్చా?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: ఇప్పుడే చుట్టకండి. పుండు ఉన్న చోటు, రసి, నిలబడే పని చూస్తే ఇది సిరల పుండులా ఉంది. సిరల్లోని కవాటాలు పాడై రక్తం పైకి పోక చీలమండ దగ్గరే నిలిచిపోతుంది. చుట్టూ చర్మం గోధుమరంగుకు తిరిగి, గట్టిపడి, దురద పెడుతోందా చూడండి. దీనికి అసలు మందు ఒత్తిడి కట్టే. కానీ ధమనులు పూడుకుపోయిన కాలికి అదే కట్టు కడితే ఉన్న కాస్త రక్తమూ ఆగి వేళ్లు నల్లబడతాయి. ధమనులు పూడుకుపోయి వచ్చే పుండు ఎక్కువగా వేళ్ల మీద, మడమ మీద, అచ్చుతో తొలిచినట్టు గుండ్రంగా వస్తుంది. రాత్రిళ్లు నొప్పి ఎక్కువై, కాలు మంచం కిందికి వేలాడేస్తే తగ్గుతుంది. బీడీ, సిగరెట్ అలవాటుంటే అనుమానం ఇంకా పెరగాలి.

తేల్చేది ఏబీపీఐ పరీక్ష. పది నిమిషాలు పడుకోబెట్టి, రక్తప్రవాహం చప్పుడు వినిపించే చిన్న డాప్లర్ పరికరంతో చీలమండ దగ్గర బీపీ చూసి, దాన్ని చేతి బీపీతో భాగిస్తారు. చీలమండ దగ్గర 126, చేతికి 140 అయితే 0.9. 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే పూర్తి ఒత్తిడి కట్టు కట్టొచ్చు. 0.5 కన్నా తక్కువైతే కట్టు మాటెత్తకుండా వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్‌ దగ్గరికి వెళ్లాలి. మీకు చిక్కల్లా షుగర్‌తోనే. ధమని గోడల్లో సున్నం చేరి గట్టిపడితే అంకె 1.3 దాటుతుంది. అది మంచి రక్తప్రసరణ అనుకుంటే మోసపోతాం. అప్పుడు బొటనవేలి ఒత్తిడి చూడాలి.

కట్టుకి పరవాలేదని తేలాక కూడా మామూలు క్రేప్ చాలదు, కొన్ని గంటల్లోనే సడలిపోతుంది. తక్కువ సాగే బ్యాండేజ్ గానీ నాలుగు పొరల కట్టు గానీ అడగండి. చీలమండ దగ్గర సుమారు 40 మి.మీ. (బీపీ కొలిచే పాదరసం లెక్కలో) ఒత్తిడి రావాలి. మొదటిసారి నేర్పున్న నర్సు చేతే కట్టించండి. పాదాన్ని 90 డిగ్రీల్లో పెట్టి, ఎముక తేలిన చోట్ల దూది పరిచి, వేళ్ల మొదలు నుంచి మోకాలి కింద రెండు వేళ్ల వరకు, ఒక చుట్టు మీద సగం మరో చుట్టు పడేలా కట్టాలి. ఎక్కువమంది మడమ వదిలేస్తారు, వాపంతా అక్కడే ఉబ్బుతుంది. పిక్క దగ్గర బిగువు ఎక్కువైతే కట్టు కాస్తా ఉచ్చే. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగినా వెంటనే విప్పేయండి.

బెటాడిన్ రోజూ వద్దు, కొత్తగా పుట్టే కండనూ చంపుతుంది. గోరువెచ్చటి మంచినీళ్లతో గానీ సెలైన్‌తో గానీ కడిగితే చాలు. ఎర్రదనం పాకుతుంటే, జ్వరమొస్తే తప్ప యాంటీబయాటిక్ అక్కర్లేదు.

ఎనిమిది నెలలైంది కాబట్టి పుండు అంచు నుంచి ముక్క తీసి బయాప్సీ చేయాలేమో డాక్టర్ని అడగండి, మానని పుండు అరుదుగా క్యాన్సర్‌కు తిరుగుతుంది. సిరలకు డూప్లెక్స్ స్కాన్ (రక్తప్రవాహం చూపే అల్ట్రాసౌండ్) కూడా తీయించండి. పాడైన సిరను లేజర్ లాంటి పద్ధతులతో ముందే మూసేస్తే పుండు త్వరగా మానుతుందని బ్రిటన్‌లో జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో తేలింది. మానాక ఒత్తిడి మేజోళ్లు వాడాల్సిందే, పొద్దున్నే మంచం దిగక ముందే తొడుక్కోవాలి.