మెస్టిస్ గెలిచినా జుకురిత్ పైకి ఎందుకు వెళ్లలేదు

2001, 02, 03 వరసగా మూడేళ్లు ఫిన్లాండ్ ఐస్ హాకీ క్లబ్ జుకురిత్ అక్కడి రెండో లెవెల్ లీగ్ అయిన మెస్టిస్ టైటిల్ కొట్టింది కదా, మరి టాప్ లీగ్ టేబుల్‌లో ఎక్కడా లేదేంటి, నా షీట్‌లో డేటా తప్పా అని అడిగారు కదా బ్రో, డేటా కరెక్టే. 2000లో మెస్టిస్ పెట్టినప్పుడే పైనున్న టాప్ లీగ్ ఎస్ఎం-లీగాకి తలుపులేసేశారు, అంటే కింద ఎంత గెలిచినా ఆటోమేటిక్ ప్రమోషన్ ఉండేది కాదు, లైసెన్స్ ఇస్తేనే ఎంట్రీ. డబ్బులు, అరీనా అన్నీ చూసేవాళ్లు. 2009 నుంచి కొన్నేళ్లు క్వాలిఫయర్లు (మెస్టిస్ విన్నర్‌కి పైకెళ్లే ఛాన్స్ ఇచ్చే మ్యాచ్‌లు) పెట్టి 2013 తర్వాత అదీ ఎత్తేశారు. పాపం మికెలి ఊరి టీమ్ జుకురిత్ వాళ్లకి చివరికి 2016లో, అదీ టాప్ లీగ్ క్లబ్ ఎస్పో బ్లూస్ దివాలా తీసి సీటు ఖాళీ అయితే, ఛాన్స్ దొరికింది. అంతకుముందు 2014లో స్పోర్ట్, 2015లో కూకూ అనే క్లబ్బులు కూడా లైసెన్స్ మీదే వెళ్లాయి. కాబట్టి మీ షీట్‌లో 'ఛాంపియన్ = ప్రమోటెడ్' ఫార్ములా తీసేసి ఏ సీజన్‌కి ఆ సీజన్ చేత్తో ఎంటర్ చేసుకోండి.