ఆ కడుపునొప్పి నటన కాదు

ప్రశ్న: మా బాబుకు 9 ఏళ్లు, నాలుగో తరగతి. ఉదయం ఆరింటికే లేపి చదివిస్తాం. స్కూలు, ఆ తర్వాత ట్యూషన్, ఇంటికొచ్చాక రాత్రి పదిన్నర దాకా ప్రశ్న జవాబులు బట్టీ పట్టిస్తాం. మార్కులు బాగానే వస్తున్నాయి గానీ ప్రశ్నను కాస్త తిప్పి అడిగితే తెల్లమొహం వేస్తాడు. రెండు నెలలుగా పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. సెలవు రోజుల్లో ఆ నొప్పి ఉండదు. స్కానింగ్, రక్త, మూత్ర పరీక్షలు అన్నీ నార్మల్. గోళ్లు కొరుకుతున్నాడు, చిన్న మాటకే ఏడుస్తున్నాడు. బడి ఎగ్గొట్టడానికి నాటకాలాడుతున్నాడని మావారు అంటున్నారు. ఏం చేయాలి? – ఒక తల్లి

సలహా: అమ్మా, మీ బాబు నటిస్తున్నాడని నాకు అనిపించడం లేదు. పేగులకూ మెదడుకూ మధ్య నరాల ద్వారా, హార్మోన్ల ద్వారా ఎప్పుడూ సమాచారం నడుస్తూనే ఉంటుంది. భయం, టెన్షన్ ఎక్కువైతే పేగుల కదలిక మారుతుంది, మామూలుగా తెలియని చిన్న కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోయినా నొప్పి మాత్రం నిజమే. సెలవు రోజున నొప్పి రాకపోవడం వాడి అబద్ధానికి రుజువు కాదు. ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తోందో అది చెబుతోంది. దయచేసి ఈ మాట మీవారికి కూడా చదివి వినిపించండి. నొప్పి కంటే, ‘నన్నెవరూ నమ్మడం లేదు’ అన్న బాధే పిల్లల్ని ఎక్కువ కుంగదీస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది నిద్ర. పదిన్నరకు పడుకుని ఆరింటికి లేస్తే ఏడున్నర గంటలు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సిఫారసు చేసింది. అంటే తక్కువలో తక్కువ రోజూ గంటన్నర నిద్ర తక్కువవుతోంది. పగలు చదివింది మెదడులో ఎక్కువగా స్థిరపడేది నిద్రలోనే. ఎదుగుదలకు కావలసిన గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది కూడా గాఢనిద్రలోనే. నిద్ర తగ్గించి చదివిస్తే, ఆ చదివింది నిలవడానికి కావలసిన సమయాన్నే కోసేస్తున్నట్టు.

భయం కూడా అలాంటి నష్టమే చేస్తుంది. పరీక్ష ముందు కొద్దిపాటి టెన్షన్ మంచిదే, ఏకాగ్రత పెంచుతుంది. అది నెలల తరబడి తగ్గకుండా ఉంటేనే ప్రమాదం. ఒత్తిడిలో విడుదలయ్యే కార్టిసాల్ అనే హార్మోన్, జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం మీదా, ఆలోచించి నిర్ణయం తీసుకునే మెదడు ముందు భాగం మీదా ప్రభావం చూపుతుంది. ఈ ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటుతాయి.

ఎక్కాలు, స్పెల్లింగులు కంఠస్థం చేయడం తప్పు కాదు, అవి నోటికి వస్తేనే పై లెక్కలు సులువవుతాయి. అర్థం తెలియని జవాబుల్ని మక్కికి మక్కి మింగించడంతోనే చిక్కు. ప్రశ్న తిప్పి అడిగితే మీ బాబు ఆగిపోవడానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు, విషయాన్ని తన మాటల్లో చెప్పే అవకాశం దొరక్కపోవడం. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థులు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. కాబట్టి ఒక్క పేరా చదివించి, పుస్తకం మూయించి, ‘నీకేం అర్థమైందో నాకు చెప్పు’ అనండి. తప్పు చెబితే కసరకండి. ఏ ముక్క మళ్లీ చదవాలో ఆ తప్పే చూపిస్తుంది.

ముందు నిద్ర సరిచేయండి. రాత్రి తొమ్మిదికల్లా పడుకోబెట్టండి, పొద్దుటి చదువు మానేయండి. ట్యూషన్ తగ్గించి, రోజూ కనీసం గంటసేపు బయట పరుగెత్తి ఆడుకోనివ్వండి. ఈ వయసుకు రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆరుబయట గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) వచ్చే అవకాశమూ తగ్గుతుంది. నొప్పి అన్నప్పుడు కాసేపు పక్కన కూర్చోండి, ‘ఇంకా ఉందా’ అని పదేపదే అడగకండి. బడి మాత్రం మాన్పించవద్దు. మానేసిన కొద్దీ భయం పెరుగుతుంది. స్కూల్లోగానీ ట్యూషన్‌లోగానీ ఎవరైనా కొడుతున్నారా, ఏడిపిస్తున్నారా అని నింపాదిగా కనుక్కోండి. క్లాస్ టీచర్‌తో కూడా ఒకసారి మాట్లాడండి.

బరువు తగ్గడం, నొప్పితో రాత్రి నిద్రలోంచి లేవడం, మలంలో రక్తం, ఆగని వాంతులు, జ్వరం – వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టర్‌కు చూపించండి, పాత రిపోర్టులు నార్మల్ కదా అని ఊరుకోకండి. ఈ మార్పులు చేశాక నెల రోజులకు కూడా తేడా లేకపోతే పిల్లల మానసిక నిపుణుల్ని కలవండి. ‘నేను ఉండకపోతే బాగుండు’ లాంటి మాట వాడి నోట వస్తే మాత్రం ఆ రోజే తీసుకెళ్లండి.