పోలండ్ క్లబ్బుకి సంతకం పెట్టేముందు

ఒరేయ్ నాన్నా,

మీ అమ్మ ఫోన్ చేసింది, వచ్చే సీజన్‌కి పోలండ్ క్లబ్బోళ్ళు పిలిచారంట కదా, చాలా సంతోషంరా. ఇన్నేళ్ళు స్పీడ్‌వే బండ్ల దగ్గరే, అదే మట్టి ట్రాక్ మీద తిరిగే రేసు మోటార్ సైకిళ్ళ దగ్గరే, బతికినోణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెప్తా, విసుక్కోకుండా చదువు.

ముందు స్టార్టు సంగతి. నాలుగు ల్యాపులు, నిమిషం రేసు, అందులో మొదటి మలుపుకి నువ్వు ఎక్కడున్నావో దాన్నిబట్టే సగం తేలిపోతుంది. నువ్వు స్టార్టు గీత మీద అడ్డంగా కట్టిన టేప్ లేచాక క్లచ్ వదులుతున్నావు కానీ ఒళ్ళు ఇంకా వెనకే ఉంటోంది, అందుకే ముందు చక్రం గాల్లోకి లేస్తోంది. ఛాతీ ట్యాంకు మీదకి తెచ్చి వదులు. రోజూ యాభై స్టార్టులు కొట్టు, ల్యాపులు తర్వాత కొట్టొచ్చు.

మలుపులో భయమేసినా గ్యాస్, అదే యాక్సిలరేటర్, టక్కున మూసెయ్యకు. బ్రేకులు లేని బండి, హ్యాండిల్ కుడికి తిప్పి వెనక చక్రం జారుతుంటే ఆ జారుడే నిన్ను ఎడమకి తిప్పుతుంది, గ్యాస్ మూస్తే టైరు ఒక్కసారిగా మట్టిని పట్టేసి నిన్ను ఎత్తి అవతల పడేస్తుంది. మణికట్టుకి కటాఫ్ తాడు కట్టకుండా ప్రాక్టీసుకి కూడా దిగొద్దు, పడ్డప్పుడు ఇంజన్ ఆపేది అదే. మన చెక్ దేశంలో పార్దుబిత్సె ఊళ్ళో జరిగే బంగారు హెల్మెట్ రేసు 1929 నుంచీ ఉంది, 1968లో ఆ రేసులోనే మన రైడర్ లూబోష్ తొమీచెక్ చనిపోయాడు, ప్రాగ్‌లోని మార్కేతా ట్రాక్‌లో ఆయన పేరు మీద జరిగే రేసుకి వెళ్ళిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది. అంత పెద్ద రైడర్‌కే తప్పలేదురా.

ట్రాక్‌ని కూడా చూస్తూ ఉండు. మొదటి హీట్లలో, అంటే ఆ రోజు జరిగే తొలి చిన్న రేసుల్లో, లోపలి లైన్ బాగుంటుంది, తర్వాత మట్టంతా బయటికి కొట్టుకుపోయి గ్రిప్ అక్కడికి చేరుతుంది. నీ హీట్ అయ్యాక ఫోన్ పట్టుకుని కూర్చోకుండా వెళ్ళి కంచె దగ్గర నిలబడి చూడు, వెనక స్ప్రాకెట్, అదే గొలుసు తిరిగే పళ్ళ చక్రం, మార్చాలో లేదో నీకే తెలుస్తుంది.

ఇక డబ్బులు. అక్కడ ఇచ్చేది పాయింటుకింత అని, ఫస్ట్ వస్తే 3, సెకండ్ 2, థర్డ్ 1, లాస్ట్ వస్తే సున్నా, సున్నా వచ్చిన రోజు కూడా వ్యాన్ డీజిల్, టైర్లు, మెకానిక్ జీతం నీ జేబులోంచే పోతాయి. అందుకే అప్పు చేసి రెండో కొత్త ఇంజన్ కొనకు. నేను మెకానిక్‌గా పనిచేసిపెట్టిన ఒక కుర్రాడు అలాగే కొన్నాడు, క్లబ్బు సీజన్ చివరిదాకా డబ్బులివ్వలేదు, చివరికి బండ్లు, వ్యాన్ అన్నీ అమ్ముకున్నాడు, ఆ వ్యాన్ తాళాలు ఇచ్చేరోజు నేను పక్కనే ఉన్నా. కాగితంలో ఏ తేదీకి ఎంత ఇస్తారో రాయించుకున్నాకే సంతకం పెట్టు.

అలాగని వెళ్ళొద్దని కాదు, తప్పకుండా వెళ్ళు. మన దగ్గర రేసులు తక్కువ, గట్టోళ్ళ పక్కన వారం వారం స్టార్టు గేటులో నిలబడితేనే చెయ్యి తిరుగుతుంది. మన యాన్ క్వెఖ్ పోలండ్‌లోని జెలోనా గూరా క్లబ్బుకి ఆడుతూనే 2024లో గ్రాండ్ ప్రి, అదే ప్రపంచ ఛాంపియన్‌షిప్ సిరీస్, మొత్తం తిరిగాడు. 2002లో మన లూకాష్ డ్రిమ్ల్ ఇరవై ఒక్క ఏళ్ళ లోపు వాళ్ళలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

ఆదివారం షెడ్డుకి రా, కాంట్రాక్టు కాగితం తీసుకురా, ఎడమ కాలి ఇనుప బూటు కూడా. మొన్న చూశా, బొటనవేలి దగ్గర అరిగి రేకులా అయిపోయింది, వెల్డింగ్ పెట్టిస్తా.

మీ మామయ్య