22వ స్థానం నుంచి గెలిచిన బెల్‌ఫాస్ట్ డ్రైవర్

ప్రశ్న: ఫార్ములా వన్‌లో ఐర్లాండ్ వాళ్లెవరైనా ప్రపంచ చాంపియన్ అయ్యారా? నాకు తెలిసిన పేరు ఎడ్డీ ఇర్వైన్ ఒక్కటే, అదీ సెన్నా చేతిలో దెబ్బ తిన్నాడని.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఎవరూ కాలేదండీ. కానీ ఇర్వైన్‌ని ఆ దెబ్బతోనే గుర్తుపెట్టుకోవడం అన్యాయం. అది 1993లో సుజుకాలో, ఫార్ములా వన్‌లో అతనికి మొట్టమొదటి రేసు. తనని ఒక ల్యాప్ (ట్రాక్ చుట్టూ పూర్తిగా ఒక చుట్టు) వెనకేసిన బ్రెజిల్ చాంపియన్ అయర్టన్ సెన్నాని మళ్లీ దాటేశాడు, సెన్నాకి కోపం వచ్చింది, రేసయ్యాక వచ్చి కొట్టాడు. ఆ రోజు ఇర్వైన్ ఆరో స్థానంలో వచ్చి తొలి రేసులోనే పాయింటు తెచ్చుకున్నాడు, ఆ సంగతి ఎవరూ చెప్పరు. 1999లో ఫెరారీలో తోటి డ్రైవర్ షూమాకర్ కాలు విరగడంతో టైటిల్ భారమంతా ఇతని మీద పడింది. నాలుగు రేసులు గెలిచి, ఆఖరి రేసుకి మళ్లీ అదే సుజుకాకి, టైటిల్ పోటీదారు, మెక్‌లారెన్ టీమ్ డ్రైవర్ మికా హాకినెన్ కంటే 4 పాయింట్లు ముందుండి వెళ్లాడు. అక్కడ హాకినెన్ గెలిచాడు, ఇర్వైన్ మూడో స్థానంలో వచ్చాడు, లెక్క చూస్తే 76–74. చేతికందింది నోటికందలేదు.

అయితే మీరు తప్పకుండా తెలుసుకోవాల్సిన పేరు జాన్ వాట్సన్. బెల్‌ఫాస్ట్ మనిషి. అది ఉత్తర ఐర్లాండ్ కాబట్టి రికార్డుల్లో బ్రిటన్ డ్రైవర్ అని ఉంటుంది, ఇర్వైన్‌ది కూడా ఉత్తర ఐర్లాండే. వాట్సన్ గెలిచినవి 5 రేసులు, ఇర్వైన్ కంటే ఒకటి ఎక్కువ. వాటిలో 1983 లాంగ్ బీచ్ రేసు ఒక్కటి చాలు. అమెరికాలో ఊరి వీధుల మధ్య, గోడల పక్కనే వేసిన ట్రాక్ అది. క్వాలిఫయింగ్‌లో, అంటే ఎవరు ఏ స్థానం నుంచి బయల్దేరాలో తేల్చే పరుగులో, వాట్సన్ టీమ్ మెక్‌లారెన్ కార్ల మిషెలిన్ టైర్లు ఎంతకీ వేడెక్కలేదు, వేడెక్కని టైరు రోడ్డుని పట్టదు, మలుపులో కారు జారిపోతుంది. దాంతో వాట్సన్‌కి 22వ స్థానం, తోటి డ్రైవర్ నికీ లౌడాకి 23. ఇంజిన్‌కి అదనపు బలమిచ్చే టర్బో కూడా లేని కార్లు, ఆశ పెట్టుకోవడానికేముంది? కానీ రేసు రోజు ల్యాపు మీద ల్యాపు తిరిగేకొద్దీ అవే టైర్లు పట్టు అందుకున్నాయి, ఇద్దరూ ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి వాట్సన్ మొదటి స్థానంలో, లౌడా రెండో స్థానంలో ముగించారు. అంత వెనక నుంచి మొదలుపెట్టి గెలిచినవాడు ఇప్పటికీ ఇంకొకడు లేడు. అదే ఏడాది మేలో మొనాకోలో ఇదే జంట అసలు రేసుకే క్వాలిఫై కాలేదంటే టైరు ఎంత పని చేస్తుందో చూడండి!

కొత్తవాళ్లలో అలెక్స్ డన్ అని 2005లో పుట్టిన కుర్రాడున్నాడు, ఆఫలీ కౌంటీలోని క్లారా అతని ఊరు. 2025 ఆస్ట్రియాలో మెక్‌లారెన్ మొదటి ప్రాక్టీసులో కారిస్తే నాలుగో వేగవంతమైన టైమ్ చేశాడు. నాకైతే అతని మీద చాలా ఆశ ఉంది.

ప్రశ్న: ఐర్లాండ్ రేసింగ్‌కీ మన దేశానికీ ఏమైనా సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఉందండీ. డబ్లిన్‌లో పుట్టిన ఎడ్డీ జోర్డాన్ పెట్టిన టీమ్‌లోనే 2005లో మన నారాయణ్ కార్తికేయన్ తొలి భారతీయ ఫార్ములా వన్ డ్రైవర్ అయ్యాడు. అప్పటికే జోర్డాన్ టీమ్‌ని అమ్మేశారు గానీ పేరు మాత్రం ఆయనదే. ఆ ఏడాది ఇండియానాపోలిస్‌లో మిషెలిన్ టైర్ల సమస్యతో 14 కార్లు తప్పుకుంటే, మిగిలిన ఆరింటిలో కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చి 5 పాయింట్లు తెచ్చాడు. ఆ టీమే చేతులు మారుతూ 2008లో ఫోర్స్ ఇండియా అయింది, ఇప్పుడు ఆస్టన్ మార్టిన్ పేరుతో నడుస్తోంది. జోర్డాన్ 2025 మార్చిలో కన్నుమూశారు.